గడప కూడా చికిత్సలో భాగమే

పక్షవాతం వచ్చిన మనిషికి ఏ తైలం మంచిదని అడగని కుటుంబం ఉండదు. మహామాష తైలమా, క్షీరబలా తైలమా, మర్దన ఎన్నాళ్లు, పథ్యమేమిటి అని శ్రద్ధగా విచారిస్తారు. మంచం నుండి స్నానాల గదికి మధ్య ఎన్ని మెట్లున్నవో, రాత్రివేళ మూత్రానికి లేవవలసివస్తే ఆ మనిషి ఎట్లా వెళ్లగలడో ఆలోచించేవారు మాత్రం అరుదు. ఈ రెండవ విషయం మొదటిదానికంటె ఏమాత్రం తక్కువది కాదని నా నిశ్చితాభిప్రాయం.

చరక సంహిత సూత్రస్థానంలో పదిహేనవ అధ్యాయం ఉపకల్పనీయం. చికిత్సకు ముందు సమకూర్చుకోవలసిన వాటిని చెప్పే ఆ అధ్యాయంలో మొట్టమొదట చెప్పినది ఔషధం కాదు, ఇల్లు. అది దృఢంగా ఉండాలి. పొగ, ఎండ, దుమ్ము చేరరాదు. సుఖంగా తిరుగాడడానికి వీలుండాలి. మలవిసర్జన స్థానం, స్నానభూమి అందులోనే ఉండాలి. గురుకులంలో మేము వల్లె వేసిన ఈ మాటలు నేటి ఇళ్లకూ అక్షరాలా వర్తిస్తాయి.

మన కృష్ణా డెల్టాలో ఇంటి అరుగు ఎత్తుగా కట్టడం అవివేకం కాదు. నల్లరేగడి చెమ్మ, పురుగూ పుట్రా, వరద భయం అందుకు కారణాలు. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నది. కనుక పునాది తగ్గించమని నేననడం లేదు. ఎత్తయిన ఇంట్లోకి మెట్లు తప్ప మరో దారి లేకపోవడమే లోపం. పల్లెల్లో పాత ఇళ్లకు మరుగుదొడ్డి పెరట్లో దూరంగా ఉంటుంది. నగరంలో గుణదల, మొగల్రాజపురం కొండవాలు ఇళ్లకు మెట్లే బాట. కొన్ని అపార్ట్‌మెంట్లలోనైతే లిఫ్టు చేరడానికే నాలుగు మెట్లెక్కాలి.

దీని ఫలితం శరీరంపై పడుతుంది. ఆపకూడని వేగాలు పదమూడని చరకుడు చెప్పాడు. మలమూత్రాలు, దప్పిక వాటిలోనివే. ఇతరులను పిలిచి ఎత్తించుకోవాలన్న సంకోచంతో రోగి మూత్రం ఆపుకొంటాడు. మాటిమాటికి లేవవలసి వస్తుందని నీళ్లు తాగడం మానుకొంటాడు. మలబద్ధం, మూత్రంలో మంట మొదలవుతాయి. వాతం మరింత ప్రకోపిస్తుంది. ఆ వ్యాధిని తెచ్చింది ఇల్లేనని గ్రహించక మరో చూర్ణం కోసం వస్తారు.

కాబట్టి మార్పు స్నానాల గదితో మొదలుపెట్టాలి. వీలైతే పడకగదిని ఆనుకొనే దాన్ని ఏర్పరచాలి. తలుపు వెడల్పు మూడడుగులుంటే చక్రాల కుర్చీ సులువుగా పోతుంది. కుర్చీ తిరగడానికి అయిదడుగుల చోటు కావాలి. కూర్చునే దొడ్డి, దాని పక్కన గోడకు గట్టిగా బిగించిన కడ్డీ అవసరం. నున్నటి టైల్సు వద్దు. అభ్యంగం చేసుకొన్న పాదానికి నూనె ఉంటుంది. తడి నేలపై ఆ పాదం జారితే చికిత్స తుంటి ఎముకతో మళ్లీ మొదటికి వస్తుంది. మర్దన కాగానే సున్నిపిండితో పాదాలు శుభ్రంగా తుడిచి, ఆ తరువాతే నేలపై మోపనివ్వాలి.

తరువాత వాలు బాట. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలన్నది లెక్క. రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగడుగులు. వాకిట్లో అంత చోటు లేకపోతే మధ్యలో చదునైన మలుపునిచ్చి తిప్పవచ్చు; పెరటి వైపు నుండి వేయవచ్చు. మెట్లపై నిటారుగా పలక వేసి కుర్చీని తోయడం మాత్రం ప్రమాదకరం.

గడప లక్ష్మీస్థానమని, దాన్ని తీయరాదని పెద్దలు బాధపడతారు. తీయనక్కరలేదు. ఇరువైపులా వాలుగా చెక్కదిమ్మలు అమర్చితే పసుపు కుంకుమలు పెట్టే గడప అట్లాగే ఉంటుంది, కుర్చీ దాటుతుంది.

మరికొందరు, వాలు బాట కడితే ఇక నడవడని ఒప్పుకొన్నట్లే గదా అంటారు. ఈ ఆలోచన సరికాదు. వీధి అరుగు మీదికి వచ్చి నలుగురితో మాట్లాడే మనిషికి ఉత్సాహం ఉంటుంది, వ్యాయామంపై ఆసక్తి ఉంటుంది. వెనుక గదిలో గోడ చూస్తూ పడుకొన్నవానికి ఆ రెండూ క్షీణిస్తాయి. పైగా అదే బాట రేపు ముసలితల్లికి, గర్భిణికి పనికివస్తుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రజలు వచ్చిపోయే భవనాలు అందరికీ అనువుగా ఉండాలని అది శాసిస్తుంది. మన పడకగదిలోకి వచ్చి కడ్డీ బిగించమని ఏ చట్టమూ చెప్పదు. ఆ పని కుటుంబమే చేయాలి. చేసే ముందు, అందులో నివసించవలసిన వ్యక్తిని అడిగి చేయాలి. చేయి ఎంత ఎత్తుకు లేస్తుందో, ఏ వైపు బలముందో అతనికే తెలుసు.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట అటువంటివారుంటే, తరువాతి తైలం సీసా కొనేముందు మీరొకసారి చక్రాల కుర్చీలో కూర్చోండి. కాలు నేల మోపకుండా మంచం నుండి దొడ్డి వరకు, అక్కడి నుండి వీధి వాకిలి వరకు వెళ్లి చూడండి. మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుండే పని ప్రారంభించండి.