దెయ్యం ఎప్పుడూ ఆడదే ఎందుకు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెప్తారు. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. రాత్రి ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందంట. ఆ రాత చూసి, సరే రేపొద్దాం అని వెళ్లిపోతుందంట. కర్నాటకలో కూడా ఇదే మాట "నాళె బా" అని రాసుకున్నారు. మా అవ్వకి చదువు లేదు, మా అమ్మ ఐదో తరగతితో ఆపేసింది. దెయ్యానికి మాత్రం చదవడం వచ్చని ఊరంతా నమ్మింది! ఆ నవ్వు అలా ఉంచండి. "ఓ పురుషుడా రేపు రా" అని ఎవరైనా ఏ గోడ మీదైనా రాశారా? రాత్రిపూట మగాడు తలుపు కొడితే భయపడని ఆడది ఏ ఊళ్లో ఉంది? నిజంగా భయపెట్టేది ఒకరు, గోడ మీద పేరు ఎక్కేది ఇంకొకరు.

మన హారర్ కథలన్నీ ఆ గోడ రాతకి కొనసాగింపే అని నా వాదన.

2005లో వచ్చిన చంద్రముఖి తీసుకోండి, మనలో చూడనివాళ్లు ఉండరు. ఒక రాజు నాట్యం చేసే అమ్మాయిని బలవంతంగా తెచ్చుకున్నాడు. ఆమె ప్రేమించినవాడి తల నరికాడు. ఆమెని బతికుండగానే కాల్చేశాడు. ఇంత చేసింది రాజు కదా, మరి సినిమా అంతా మనం భయపడింది ఎవరికి? కాల్చబడిన ఆవిడకి. ఆవిడ ఎవరి ఒంట్లోకి వచ్చింది? ఇంకో ఆడదాని ఒంట్లోకి. బాగు చేసింది ఎవరు? ఒక మగ డాక్టరు, పక్కన ఒక మగ మంత్రగాడు. ఇద్దరూ కలిసి ఆమె గురించి మాట్లాడుకుంటారు, ఆమెతో కాదు. తెలుగులో వచ్చిన దెయ్యం సినిమాలు చాలావాటికి లెక్క ఇదే. చంపింది మగాడు, దెయ్యమైంది ఆడది, పట్టింది ఆడదానికి, వదిలించింది మగాడు.

"అరుంధతి ఉంది కదా, అందులో ఆడదే హీరో" అంటారు. నిజమే, 2009లో ఆ సినిమా వచ్చాక జేజమ్మ అనే పేరు ఊరూరా తెలిసింది, నాకూ ఇష్టమే. కానీ ఒక్క విషయం గమనించండి. పశుపతిని చంపాలంటే జేజమ్మ ప్రాణం వదలాలి, ఆమె ఎముకలతో ఆయుధం చెయ్యాలి. మగ హీరోకి ఇంటర్వెల్ ముందు ఎక్కడో ఒక కత్తి దొరుకుతుంది. ఆడ హీరో తన ఎముకలు తనే ఇచ్చుకోవాలి. 2022లో వచ్చిన మసూద నాకు ఇంకా నచ్చింది. అందులో తల్లి ఒంటరిగా బిడ్డని పెంచుకునే టీచరు. సాయం చేసే కుర్రాడు పిరికివాడు, భయపడతాడు, అయినా వస్తాడు. అలాంటి మగాడిని తెరమీద చూడటమే అరుదు. కానీ అక్కడ కూడా భయం వచ్చేది ఎక్కడి నుంచంటే, మళ్లీ ఒక మంత్రగత్తె, బుర్ఖాలో.

థ్రిల్లర్ల గురించి ఎక్కువ చెప్పను. అమ్మాయి శవంతో మొదలవుతాయి, హీరో బాధతో నడుస్తాయి. రాక్షసుడు (2019)లో స్కూలు పిల్లలు వరసగా చనిపోతారు. వాళ్లలో ఒక్కరికైనా ఏం ఇష్టమో, ఏం చదవాలనుకున్నారో మనకి గుర్తుందా? హంతకుడు వాడిన బొమ్మ మాత్రం అందరికీ గుర్తుంది. ఆ హంతకుడు కూడా ఆడవేషంలో తిరుగుతాడు, అది ఇంకో గొడవ.

"అక్కా, సినిమాని సినిమాలా చూడొచ్చు కదా" అని కింద ఎవరో రాస్తారని నాకు తెలుసు. సిటీ వాళ్లు అలా చూడొచ్చేమో. భయపడి, లైటేసుకుని పడుకుంటే వాళ్లకి అయిపోతుంది. మన దగ్గర అలా అయిపోదు. మన ఏజెన్సీలో చిల్లంగి అనే మాట ఉంది. తెలంగాణ వైపు బాణామతి అంటారు, చేతబడి అందరికీ తెలుసు. ఆ మాట ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు. పేపర్లో మూలన నాలుగు లైన్ల వార్త. "మంత్రాల నెపంతో" అని మొదలవుతుంది.

ఆ మాట ఎవరి మీద పడుతుందో చూడండి. మగవాళ్ల మీద కూడా పడుతుంది, చంపేస్తారు కూడా, నేను కాదనను. కానీ మగాడికి మంత్రం వస్తుందంటే ఊరికి ముందు అతను గురువు. కోడి ఇస్తారు, సారా పోస్తారు, పిల్లకి జ్వరమొస్తే అతని దగ్గరికే తీసుకెళ్తారు. ఎప్పుడో ఏదో తేడా వస్తే అప్పుడు అనుమానిస్తారు. ఆడదానికి మంత్రం వచ్చంటే మధ్యలో గౌరవం అనే మెట్టే లేదు, నేరుగా మంత్రగత్తె. అందులోనూ ఒంటరిది, మొగుడు పోయినది, వేర్లు ఆకులు తెలిసినది, కాన్పులు చేసే ముసలమ్మ, సంతలో గట్టిగా నోరు చేసుకునేది. 2006 అటవీ హక్కుల చట్టంలో భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇవ్వాలని ఉంది. మొగుడు పోయాక ఆ పట్టాలో మిగిలే పేరు ఆవిడది. ఆవిడ లేకపోతే ఆ పోడు ఎవరికి వస్తుందో కూడా ఒకసారి లెక్కేసుకోండి.

వేరే రాష్ట్రాలు దీనికి చట్టాలే చెయ్యాల్సి వచ్చింది. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో. బీహార్, జార్ఖండ్ చట్టాల పేర్లలో ఉన్న మాట డాయన్, ఛత్తీస్‌గఢ్ చట్టం పేరులో ఉన్నది టోనహీ. రెండూ ఆడవాళ్లని అనే మాటలే. అంటే బాధితులు ఎవరో చట్టం పేరు పెట్టినవాళ్లకి కూడా తెలుసు.

ఇప్పుడు సినిమాలో దెయ్యం పట్టిన అమ్మాయి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఒళ్లు కాలిపోతుంది, కళ్లు తేలేస్తుంది, సంబంధం లేకుండా మాట్లాడుతుంది, కొట్టుకుంటుంది, పడిపోతుంది. ఇది అచ్చంగా మెదడుకెక్కిన మలేరియా. మన ఏజెన్సీలో పుట్టినవాళ్లకి మలేరియా గురించి నేను చెప్పాలా? ఆశా అక్క దగ్గర కిట్ ఉంటే వేలి మీద ఒక్క చుక్క రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. బొమ్మకి సూదులు గుచ్చితే మనిషి నొప్పితో మెలికలు తిరిగే సీను ఉంటుంది కదా, సికిల్ సెల్ ఉన్నవాళ్లకి ఎముకల్లో నొప్పి వచ్చినప్పుడు అలాగే ఉంటుంది. నేను ఇంటర్ చదివిన హాస్టల్లో ఒక చెల్లి రాత్రిళ్లు అరిచేది. మూడు రోజులు "దానికి పట్టింది" అనుకుని గది ఖాళీ చేశారు. నాలుగో రోజు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే రక్తం లేదు, పైగా జ్వరం. ఆ మూడు రోజులూ ఎవరో ఒకరు ఫోన్లో చూసిన సినిమా పేరు చెప్పి "అచ్చం ఇలాగే" అన్నారు. ఆ పిల్ల మందులతో బాగైంది. కానీ పరీక్షలు రాసేదాకా ఎవరూ దాని పక్కన పడుకోలేదు.

ఇంకో సంగతి, ఇది మనవాళ్లే మర్చిపోతున్నారు. ఆడదాని నోట చచ్చినవాళ్లు మాట్లాడటం మనకి ఎప్పుడూ భయం కథ కాదు. మన పక్కన సవరలు ఉన్నారు, ఒడిశాలో వాళ్లనే సొర అంటారు. బ్రిటన్‌కి చెందిన పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1970లలో వచ్చి ఒడిశా సొరల మధ్య ఉండి, 1993లో పుస్తకం రాశారు. వాళ్లలో చనిపోయినవాళ్లతో మాట్లాడించేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆవిడ కూర్చుంటుంది, చనిపోయిన మనిషి ఆవిడ నోట మాట్లాడతాడు, ఇంటివాళ్లు చుట్టూ చేరి ఏడుస్తారు, పోట్లాడతారు, అప్పుల సంగతి అడుగుతారు, నవ్వుతారు కూడా. గొలుసులు లేవు, వేపమండలతో కొట్టడం లేదు. ఊరికి ఆవిడ అవసరం. ఇప్పుడు అక్కడ చాలామంది మతం మారారు, ఆ పద్ధతి తగ్గిపోతోంది. ఇది నిజమా, నమ్మాలా అని నేను అడగట్లేదు, నాకూ నమ్మకం లేదు. నేను అడిగేది ఒక్కటే. అదే పని, అదే ఆడది, అదే ఆవేశం. దాన్ని చూసి కొట్టాలి, కట్టెయ్యాలి అని మనకి నేర్పింది ఎవరు? మన తాతలు కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మన తమ్ముళ్లు ఒక హారర్ షార్ట్ ఫిల్మ్ తీద్దామని కథ పెట్టారు. సిటీ నుంచి ఐదుగురు ఏజెన్సీకి వస్తారు. అడవిలో జుట్టు విరబోసుకున్న ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. పిల్లలు మాయమవుతుంటారు. హీరోయిన్ మూడు సార్లు స్పృహ తప్పుతుంది (నేను లెక్కపెట్టా). హీరో ఆవిడని గుడిసెతో సహా తగలబెడతాడు. తమ్ముళ్లూ, ఆ తగలబెట్టే సీను మీరు రాయలేదురా. అది పేపర్లో వచ్చే ఆ నాలుగు లైన్ల వార్తే. మీరు దానికి మ్యూజిక్ పెట్టి హీరోయిజం చేశారు, అంతే.

ముసలావిడ వేషం ఎవరు వేస్తారని ఎవరో అడిగితే, "మా ఊళ్లో ఒకావిడ ఉంది, మేకప్పే అక్కర్లేదు, ఐదొందలిస్తే చేస్తుంది" అని కామెంట్ వచ్చింది. దానికి నవ్వు బొమ్మలు. ఆ వీడియో ముందు చూసేది ఆవిడ ఊరివాళ్లే. మీరు షూటింగ్ అవగానే బస్సెక్కి హాస్టల్‌కి వచ్చేస్తారు. వానాకాలం జ్వరాలు ఆగస్టులోనే. ఆ గుడిసె పక్కింట్లో ఒక పిల్లకి జ్వరం వచ్చి మాట తడబడితే, ఊళ్లో ఎవడికి ఏ సీను గుర్తొస్తుందో మీరే చెప్పండి.

హారర్ తియ్యొద్దని నేను అనట్లేదు, నాకూ భయపడటం ఇష్టమే. 2018లో స్త్రీ అని హిందీ సినిమా వచ్చింది, దెయ్యం మగవాళ్లని ఎత్తుకుపోతుంది, రాత్రి ఒంటరిగా బయటికి వెళ్లొద్దని ఆడవాళ్లు మగవాళ్లకి జాగ్రత్తలు చెప్తారు. అలా తిప్పి ఆలోచించొచ్చు. మీ కథలోనే ఆ ముసలావిడ గుడిసెలో కెమెరా పెట్టండి. రాత్రి బయట టార్చిలైట్లు, మగవాళ్ల గొంతులు దగ్గరికొస్తున్నాయి, ఆవిడ తలుపుకి అడ్డం ఏం పెట్టాలా అని వెతుకుతోంది. ఇంతకంటే భయం ఎక్కడుంది?

షూటింగ్ వచ్చే ఆదివారం అన్నారు. శనివారం సాయంత్రం లోపు కథ మార్చండి. కావాలంటే నేనొచ్చి కూర్చుంటా, మా రూమ్మేట్ కూడా వస్తానంది. మార్చం అంటే మాత్రం ఆ ఐదొందల సంగతి ముందు ఆవిడకి కథ మొత్తం చదివి వినిపించి అప్పుడు అడగండి, చివరి సీనుతో సహా.