ఒక్క చీరకోసం పెళ్ళి మానేస్తుందా?

శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ 2004లో వచ్చింది. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ సినిమా మాటెత్తితే అందరూ పోస్టర్ మీది మాటే అప్పజెబుతారు, మంచి కాఫీలాంటి సినిమా అని. ఆ వెంటనే “నీటుగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ చూడొచ్చు” అంటారు. ఈ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళికూతురు తన పెళ్ళి తనే ఆపేసుకోవడంతో మొదలయ్యే కథకి ఎంత చల్లటి పేరు పెట్టారు!

రూపకి అమ్మానాన్నల్లేరు, కారు ప్రమాదంలో పోయారు. పెళ్ళిలో అమ్మ చీర కట్టుకోవాలనుకుంటుంది. కాబోయే అత్తగారు వీల్లేదంటుంది. ప్రేమించిన రాహుల్ తల్లికి ఎదురు చెప్పలేక నీళ్ళు నములుతాడు. ఈ పెళ్ళి నాకొద్దని రూప తేల్చేస్తుంది. “ఒక్క చీరకోసం ఇంత రాద్ధాంతమా, సర్దుకుపోతే పోయేదిగా?” మా బంధువుల్లో ఈ మాట మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ అన్నారు. చీర అంత చిన్న విషయమైతే అత్తగారే సర్దుకోవచ్చుగా? ఆ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. సర్దుకుపోవడం మొదలయ్యేది ఎప్పుడూ ఇలాంటి చోటే. ఇవాళ చీర, రేపు జీతం, ఆ తర్వాత ఉద్యోగం.

అప్పటి మన సినిమాల్లో ప్రేమకథంటే పొగరుబోతు పిల్ల, ఆ పొగరణిచే హీరో. ఏడిపించడం, వెంటపడటం, ఓ చెంపదెబ్బ. దానికి హాస్యమని పేరు. ఇక్కడ ఆనంద్‌కి రూప నచ్చిందే ఆ పొగరు చూసి. నవ్వు కూడా ఆమెని చిన్నబుచ్చితే పుట్టదు, ఆమె కసురుకుంటే తిప్పలుపడే అతన్ని చూస్తే పుడుతుంది. వాన, వరండా, కె.ఎం. రాధాకృష్ణన్ పాటల్లోని కర్ణాటక సంగీతపు వాసన, తొలి తెలుగు సినిమాలో కమలినీ ముఖర్జీ బిగించుకున్న ముఖం, వీటన్నిటికీ తొందర లేదు. రూపకీ లేదు. మెత్తబడుతుంది, కానీ తనకి కుదిరినప్పుడు. అదేరోజు ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ విడుదలైనా ఈ సినిమా నిలబడిందంటే, జనానికి ఇలాంటివి అక్కర్లేదనే నిర్మాతల మాట నేను నమ్మను.

ఒక్కటి మింగుడుపడదు. ఆ కారు ప్రమాదానికి కారకుడు ఆనంద్ తండ్రే. తానెవరో దాచి ఆమె పక్కింట్లో అద్దెకి దిగడాన్ని దర్శకుడు ప్రేమ కిందే జమకట్టాడు. చీర దగ్గరే ఊరుకోని రూప దీన్ని అంత తేలిగ్గా వదిలేసేదా?