రాయిని తీసినంత మాత్రాన

1810లో విలియం హైడ్ వొలాస్టన్ ఒక మూత్రాశయపు రాయిని పరిశీలించి, అప్పటికి తెలిసిన రాళ్లలో దేనికీ సరిపోలని పదార్థాన్ని గుర్తించాడు. మూత్రాశయానికి గ్రీకులో ఉన్న మాట నుంచే ఆ పదార్థానికి సిస్టిన్ అన్న పేరు స్థిరపడింది. దొరికిన చోటే పేరైంది. పుట్టిన చోటు వేరని తేలడానికి చాలాకాలం పట్టింది.

1909లో ఆర్చిబాల్డ్ గారాడ్ ప్రచురించిన ‘ఇన్‌బార్న్ ఎర్రర్స్ ఆఫ్ మెటబాలిజం’ పరిమాణంలో చిన్న పుస్తకం. అందులో చర్చకు వచ్చిన నాలుగు పుట్టుకలోపాల్లో సిస్టిన్యూరియా ఒకటి. శరీర రసాయనక్రియలోనే దోషముందని గారాడ్ తలచాడు. అది పూర్తిగా నిజం కాదు. మూత్రపిండం వడగట్టిన సిస్టిన్‌ను తిరిగి రక్తంలోకి చేర్చవలసిన వాహక ప్రోటీన్‌లో లోపముందని ఇరవయ్యో శతాబ్ది మధ్యలో చార్లెస్ డెంట్ తదితరుల పరిశోధనలు తేల్చాయి. అయినా గారాడ్ గ్రంథం పాతబడలేదు. రోగలక్షణం వెనుక వంశాన్ని చూడమన్న దాని బోధ నేటికీ అవసరమే.

ఆ బోధను ఆసుపత్రులు తరచు మరచిపోతున్నాయి. నొప్పితో వచ్చిన యువకుడి రాయిని పగలగొట్టి, ముక్కలను పారవేసి, నీళ్లు బాగా తాగమని చెప్పి పంపివేయడం చికిత్స అనిపించుకోదు. సిస్టిన్ రాయి గట్టిది. శరీరం బయటినుంచి పంపే ఘాతతరంగాలకు సులభంగా లొంగదు. తొలగించినా మళ్లీ పుడుతుంది. బాల్యంలోనో యౌవనంలోనో రాయి ఏర్పడితే, దాన్ని ప్రయోగశాలకు పంపి తీరాలి. మూత్రంలో షట్కోణ స్ఫటికాలు కనిపించినా రోగం బయటపడినట్టే.

నీళ్లు తాగమనే సలహాకు సైతం లెక్క ఉండాలి. తటస్థ స్థితిలో లీటరు మూత్రంలో కరిగే సిస్టిన్ సుమారు 250 మిల్లీగ్రాములు. రోజుకు 750 మిల్లీగ్రాములు విసర్జించే రోగికి కనీసం మూడు లీటర్ల మూత్రం రావాలి. అందుకు అంతకుమించి తాగాలి, రాత్రి నిద్రలేచి కూడా తాగాలి. ఉప్పు తగ్గితే సిస్టిన్ విసర్జన తగ్గుతుంది గనుక ఊరగాయ, అప్పడం మితంగా ఉండాలి. పొటాషియం సిట్రేట్ మూత్రాన్ని క్షారంగా మార్చి సిస్టిన్ కరిగే శక్తిని పెంచుతుంది. ఇవి చాలనప్పుడు టయోప్రోనిన్ వంటి మందులు వైద్యుల పర్యవేక్షణలో వాడాలి. రాళ్లకు తెలుగు ఇళ్లలో వాడే ఉలవకట్టు, అరటి దవ్వ రసం ఈ లెక్కను తప్పించలేవు.

సిస్టిన్యూరియా సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. రోగి తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆల్కాప్టన్యూరియా అనే మరో లోపమున్న పిల్లల తల్లిదండ్రులు పలువురు దగ్గరి రక్తసంబంధీకులని గారాడ్ గమనించాడు. మేనరికాలు తరాలుగా సాగుతున్న తెలుగు కుటుంబాలకు ఆ గమనిక పరాయిది కాదు. ఇందులో ఎవరినీ నిందించే పని లేదు, చేయవలసింది ఉంది. ఒక బిడ్డకు ఈ రోగం తేలిన నాడే మిగిలిన పిల్లల మూత్రాన్నీ పరీక్షించాలి. రాయి ఏర్పడకముందే మొదలయ్యే జాగ్రత్తకు ఖర్చు తక్కువ. ఏళ్ల తరబడి రాళ్లు, శస్త్రచికిత్సలు ఎదుర్కొని దెబ్బతిన్న మూత్రపిండాన్ని తిరిగి తెచ్చే ధనం ఎక్కడా లేదు.