ఆట నడుమ మారరాని నిబంధన

ఆటకు నిబంధనలే ప్రాణము. ఈ మాట నెవ్వరును కాదనరు. కాని యా నిబంధనలు మారవచ్చునా, మారినచో నెప్పుడు, ఎవరి సమ్మతిని మారవలెను అను విషయమును మనము సామాన్యముగ నాలోచింపము. ఇది పిల్లలాటను గూర్చిన చిన్న ప్రశ్నయని చదువరులు త్రోసివేయవలదని ప్రార్థించి, నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన వానకాలమున నొక సాయంకాలము, మా శ్రీరాంపూరు కార్మికుల వాడలో అన్నదమ్ములిద్దరు బజారున కొన్న పాములు నిచ్చెనల పటము నరుగుపై పరచుకొని యాడుచుండిరి. తండ్రి రాత్రి షిఫ్టునకు పోవలసినవాడగుటచే లోపల నిద్రించుచుండెను. తమ్ముడు 97వ గడి చేరి పందెము వేయగా నైదు పడెను. గెలిచితినని వాడు లేచి గంతులు వేసెను. “సరిగా మూడు పడిననే కాయ పండును, నాయనమ్మ పటములో నదియే పద్ధతి” యని అన్న వానిని కూర్చుండబెట్టెను. కొంతసేపటికి అన్న 96వ గడిలో నుండి ఆరు వేసి, “ఇది బజారు పటము గదా, నేనే గెలిచితిని” అనెను. తమ్ముడు మారుమాట లేక లేచిపోయెను. రెండు దినము లన్నతో పలుకలేదు. సంగతి విని నాయనమ్మ యన్నమాట యిది: “ఆట మొదలువెట్టకముందే చెప్పాలె బిడ్డా, నడుమల చెప్పొద్దు.”

నిజమునకు నాయనమ్మ పటమును బజారు పటమును ఒకే గ్రంథముయొక్క రెండు కూర్పులవంటివి. వైకుంఠపాళి యనియు పరమపదసోపానపట మనియు మనవారు పిలుచు పటములో గళ్ళకు పేర్లుండును. పుణ్యము నిచ్చెనయై పైకి గొనిపోవును; పాపము పామై క్రిందికి లాగును. శివరాత్రి జాగరణమున పెద్దలు సైతము దీని నాడుట కలదు. మన దేశముననే 72 గళ్ళ వైష్ణవ పటములును, 84 గళ్ళ జైన పటములును వేర్వేరుగ నుండెను. 19వ శతాబ్ది చివరను ఈ యాట ఇంగ్లాండు చేరెను. అచ్చట గళ్ళు 100 అయ్యెను. నిచ్చెనలకంటె పాము లెక్కువగ నుండెడి పాతపద్ధతి పోయి రెండును సమానమయ్యెను. మొదట నిచ్చెనలకు పొదుపు, పశ్చాత్తాపము, శ్రమ అను పేర్లు నిలిచినను, రానురాను అవియు చెరగిపోయినవి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థవారు పాములను తొలగించి జారుడుబల్లలను పెట్టి, మంచిపని చేయు పిల్లల బొమ్మలను నిచ్చెనల మొదటను, ఆ పని ఫలమును చివరను చిత్రించిరి. చెరగిన పేర్లు బొమ్మలై తిరిగి వచ్చినవన్నమాట.

నిచ్చెన యనగా ఆటగాని బలముతో నిమిత్తము లేక వానిని పైకెత్తు మహిమగల వస్తువు. ఇట్టి వస్తువుల నిబంధనలు ఎట్లు మారునో చూడగోరువారికి అమెరికాలో 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట మంచి నిదర్శనము. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీనిని రచించిరి. కాగితము, పెన్సిలు, పాచికలు గైకొని, బల్లచుట్టు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్ర వహించి కథ నడపుదురు. ఒకరు నిర్వాహకులై యుందురు. ఇందు మంత్రఖడ్గములు, మహిమగల యుంగరములు దొరకును. మొదటి కూర్పులలో ఏ నిధిలో నేమి దొరకునో పాచికలును నిర్వాహకుని చిత్తమును నిర్ణయించెడివి. 2000లో వచ్చిన మూడవ కూర్పు ప్రతి వస్తువునకు వెల కట్టెను. 2008లోని నాలుగవ కూర్పు ఆ పట్టికను ఆటగాండ్ర పుస్తకముననే చేర్చి, వీరునికి తగిన వస్తువు లుండునని తలచియే ఆటలోని లెక్కలను కట్టెను. 2014లోని యైదవ కూర్పు వెనుకకు మరలెను. ఇట్టి వస్తువులు లేకున్నను ఆట సాగవలెననియు, ధరించువానితో ప్రత్యేకముగ ముడిపడు వస్తువులు ఒకేసారి మూటికి మించరాదనియు విధించెను. 2024 నాటి సవరణయు ఆ మూటి హద్దును నిలిపినది.

ఈ మార్పులలో నాకొక నీతి కనబడుచున్నది. వస్తువు మహిమ మనుష్యుని మించినప్పుడు నిబంధనను సవరించుట న్యాయమే. పదునైన కత్తి యున్నవాడే వీరుడైనచో వీరుని ధైర్యమునకు, తెలివికి పనియేమి? కావున “పాతదే మంచిది, ఏదియు మారరాదు” అనువారితో నేను ఏకీభవింపజాలను. నాయనమ్మ పటము సైతము తనకు పూర్వమున్న పటములనుండి మారి వచ్చినదే గదా! ఐనను “ఆటయేకదా, ఎట్లైన నాడవచ్చును” అనువారిమాటయు నాకు సమ్మతము కాదు. ఆ యన్న చేసిన దోషము పాతపద్ధతిని పట్టుకొనుటయు కాదు, క్రొత్తదానిని కోరుటయు కాదు. తనకు లాభించిన వేళ నొకదానిని, లాభింపని వేళ నింకొకదానిని పట్టుకొనుటయే దోషము.

ఈ భేదము మన బొగ్గుగనుల ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. గనిలో దిగు తండ్రుల ప్రాణములు నిబంధనలపైననే నిలిచియున్నవి. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు పోయి 2017లో క్రొత్తవి వచ్చినవి; యంత్రములు మారినపుడు నిబంధనలు మారకుండుట ప్రమాదము. అయితే 1952 నాటి గనుల చట్టము, తన సారాంశమును నిబంధనల సారాంశముతోగూడ గనియొద్ద అందరికి కనబడునట్లు అంటింపవలెనని శాసించెను. ఇంగ్లీషుననే గాక, నిర్ణయించిన ఇతర భాషలలోను ఉండవలెనని చెప్పెను. ఏలన, పాటింపవలసినవానికి తెలియని నిబంధన వానిని కాపాడజాలదు.

బాలబాలికలారా! మీ యాటలకును ఈ న్యాయమే చెల్లును. నిబంధనను మార్పదలచితిరేని ఆట మొదలిడకముందే చెప్పుడు. కారణమును గూడ చెప్పుడు. అది మీకు నష్టము కలిగించిన దినమునను దానిని పాటింపుడు. తలిదండ్రులారా! పిల్లలు గెలిచిరా యని యడుగుటకు ముందు, ఒప్పుకొన్న పద్ధతినే యాడిరా యని యడుగుడు. ఓడిన తమ్ముడు మరునాడు తిరిగి ఆటకు రాగలిగిననే ఆ యాట చక్కగ జరిగినట్లు. మా వాడలోని యా తమ్ముడు మూడవనాడు తిరిగి వచ్చెను. కాని పందెము వేయుటకు ముందు, “సరిగా పడవలెనా, అక్కరలేదా?” యని యడిగెను. అన్న తలవంచుకొని, “నీవే చెప్పు” మనెను.