నౌకావిహారంలో సుఖాన్ని దేనితో కొలవాలి?

నౌకావిహారం చేసి వచ్చినవారు చెప్పే ముచ్చట్లన్నీ ఇంచుమించు ఒకే కొలతతో సాగుతాయి. గది ఎంత విశాలం, బాల్కనీ ఉన్నదా, పరుపు మెత్తగా ఉన్నదా, వంటకాలెన్ని రకాలు. ఆ కొలత చాలదని నా అభిప్రాయం.

ముందు గది సంగతే చూద్దాం. మూడు రాత్రుల విహారంలో మాకు దొరికింది కిటికీ లేని లోపలి గది. దీపం ఆర్పితే అందులో పగలూ రాత్రీ ఒకటే. తెల్లవారిందని చెప్పడానికి గడియారమే దిక్కు. అయినా నిద్రకు లోటు రాలేదు. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఉండే గదులకు ఊపు తక్కువ. పై అంతస్తుల్లోనూ ముందు కొసనా ఉండే గదులకు ఎక్కువ. కనుక సముద్రం కల్లోలంగా ఉన్న రాత్రి, ఎక్కువ సొమ్ము పోసి ఎత్తున గది తీసుకున్నవారు కడుపు తిప్పి మేలుకొని ఉండగా, చౌక గదిలోనివారు హాయిగా నిద్రపోవచ్చు. సుఖానికీ ధరకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత గట్టిది కాదు.

గట్టి సంబంధం మరొకటి ఉంది. మా గదిని చూసుకునే కుర్రవాడు రోజుకు రెండుసార్లు వచ్చేవాడు. మేము భోజనం చేసి వచ్చేసరికి పక్క సవరించి, తువాలును ఏనుగులా మడిచి మంచంమీద నిలబెట్టి పోయేవాడు. పిల్లలు ఆ ఏనుగును చూసి మురిసిపోయారు. అతడు ఎప్పుడు నిద్రపోతాడో అడగాలని మాత్రం ఎవరికీ తోచదు.

నావికుల శ్రమను గురించి 2006లో కుదిరి 2013లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. దానిని రెండు ముక్కలుగా విడగొట్టవచ్చు. ఒకటి మాత్రం 6 గంటలకు తగ్గరాదు. అంటే చట్టం మీరకుండానే ఒక మనిషి చేత దినానికి 14 గంటలు పని చేయించవచ్చు. ప్రయాణికుల నౌకలో ఇద్దరు సిబ్బందికి కలిపి ఇవ్వవలసిన గది కనీస వైశాల్యం ఏడున్నర చదరపు మీటర్లు.

ఈ తేడా ఎంత ప్రమాదకరమో 2020 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జపానులోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ నౌకను నిర్బంధంలో ఉంచారు. అందులో ఉన్న 3,711 మందిలో 712 మందికి కొవిడ్ సోకింది. ప్రయాణికులను గదుల్లో ఉండమన్నారు. వారి తలుపుల దగ్గరకు భోజనం మోసినవారు సిబ్బంది. వారు మాత్రం ఇరుకు గదులను పంచుకొని ఉండవలసి వచ్చింది. వారిలో 132 మంది భారతీయులు.

విహారాలు మానుకోమని నేను అనను. సిబ్బంది చేతిలో నాలుగు నోట్లు పెట్టి రుణం తీరిందనుకోవడం మాత్రం సరికాదు. టిక్కెట్టు కొనేటప్పుడు బాల్కనీని గురించి అడిగినట్టే సిబ్బంది పనిగంటలను గురించి, వారి పడకలను గురించి కూడా అడుగుదాం. అడిగేవారు పదిమందైతే జవాబు చెప్పక తప్పదు. మన పక్క పరిచేవాడికి కంటినిండా నిద్ర లేని ఓడను సుఖమైన ఓడ అనడానికి నాకు నోరు రాదు.