మనోవ్యాధికి దూరసలహా

శరీరమునకు జ్వరము తగిలిన వైద్యుని కొఱకు మనిషిని పరుగెత్తించుదుము. మనస్సునకు జబ్బు చేసిన తలుపులు మూయుదుము. సంబంధములు చెడునేమో, పరువు పోవునేమో యను భయమున కుమారుని దిగులునకు సోమరితనమనియు, ఇల్లాలి బెంగకు గాలి సోకినదనియు పేరు పెట్టి కాలము గడుపుదుము. 2015-16 సంవత్సరములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది వఱకు చికిత్స పొందుట లేదని తేలినది. ఇంటి పెద్దల ఓదార్పు చాలునని కొందఱందురు. ఓదార్పు అవసరమే, కాని విఱిగిన కాలికి ఓదార్పు కట్టు కాజాలదు.

ఈ మూసిన తలుపుల వెనుకకు చేరగల సాధనము నేడు లభించినది. టెలిఫోను ద్వారా, ఇంటర్నెట్టు ద్వారా శిక్షితుడైన చికిత్సకునితో ముఖాముఖి మాటలాడుట సాధ్యమయినది. పల్లెలోని రైతు పట్టణమునకు పోనక్కఱలేదు. ఎవరి గడప తొక్కెనో పొరుగువారికి తెలియదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగుతో గూడ 20 భాషలలో నది పనిచేయున ట్లేర్పఱచిరి. ఈ ప్రయత్నమును మేము హృదయపూర్వకముగ స్వాగతించుచున్నాము.

అయినను యంత్రము వైద్యుడు గాదు. వైద్యుని మన వాకిటికి చేర్చు బండి మాత్రమే. బండి యెంత వేగముగ వచ్చినను, అందుండి దిగినవాడెవడో విచారింపవలదా? కొన్ని వారముల శిక్షణముతో కౌన్సెలరనిపించుకొనువారును, ఏండ్ల తరబడి రోగుల చూచినవారును, మనిషికి బదులు యంత్రమే ప్రత్యుత్తరమిచ్చు ఏర్పాటులును ఒకే బజారులో ఒకే వన్నెతో కనబడుచున్నవి. ఇంటర్నెట్టు చికిత్సలలో శిక్షితుని తోడ్పాటు గలవి, రోగి తనంతట తాను సాగించుకొనువానికంటె సాధారణముగ నధిక ఫలమిచ్చుచున్నవని పరిశోధనలు పలుమారు తెలిపినవి.

అనుభవమనగా గడచిన సంవత్సరముల సంఖ్య యని మా యభిప్రాయము గాదు. తెరమీద కనబడునది ముఖము మాత్రమే. చేతి వణకు కనబడదు, గదిలో ప్రక్కన నెవరున్నారో తెలియదు. అనుభవజ్ఞుడీ లోపము నెఱిగి మొదటనే ప్రశ్నించును: మీరిపుడెచట నున్నారు? మన మాటలెవరైన వినుచున్నారా? ఆపద కలిగిన నెవరిని పిలువవలెను? కొన్ని వారములకు గుణము కనబడినదా లేదా యని సరిచూచును. లేనిచో పద్ధతి మార్చును. ప్రాణమునకు ముప్పు తోచినను, లేని మాటలు రోగికి వినబడుచున్నను, "ఇది నాతో నగునది గాదు" అని చెప్పి విశాఖపట్టణపు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ ఆసుపత్రికో పంపును. ఆ మాట చెప్పజాలనివానికి ఎన్ని పట్టములున్నను ప్రయోజనము లేదు.

భాషయు నంతే ముఖ్యము. మనవాడు వ్యాధి పేరు చెప్పడు. గుండె బరువుగ నున్నదనును, ఒళ్లంతయు మంటలనును, దేనిమీదను మనసు పోవుట లేదనును. ఇంగ్లీషులో నేర్చి ఇంగ్లీషులోనే విను చికిత్సకునికి ఈ మాటలు కేవలము దేహబాధలుగ వినబడు ప్రమాదము గలదు. డబ్బు చెల్లించి పరభాషలో నేడ్వవలసిన గతి తెలుగువానికేల?

2017నాటి మానసికారోగ్య చట్టము రోగి రహస్యములను కాపాడు హక్కును గుర్తించినది. 2020 మార్చిలో వెలువడిన దూరవైద్య నియమములు, వైద్యుడు తన పేరును అర్హతలను రోగికి ముందుగ తెలుపవలెనని విధించినవి. క్లినికల్ సైకాలజిస్టులకు 1992నాటి చట్టముక్రింద నమోదు గలదు. ఇతర సలహాదారుల విషయమున 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము పుట్టినను, ఆచరణము చట్టముతో సమముగ నడువలేదు. అమెరికాలో ఆయా రాష్ట్రములు చికిత్సకుల అనుమతులను బహిరంగ పట్టికలలో నుంచుచున్నవి. పేరు వెదకి యెవరైనను సరిచూచుకొనవచ్చును. అట్టి పట్టికను, ఎవరేమి చదివిరో, ఎచట శిక్షణ పొందిరో, తెలుగులో చికిత్స చేయగలరో లేదో స్పష్టముగ తెలియునట్లు, మన రెండు రాష్ట్రప్రభుత్వములును తెలుగున ప్రకటింపవలయును. ఇది గొప్ప ధనవ్యయముతో గూడిన కార్యము గాదు. శ్రద్ధ యున్న చాలును.

ప్రభుత్వము మేల్కొనువఱకు గృహస్థులు చేతులు ముడుచుకొని యుండరాదు. విత్తనము కొనునపుడు మొలక శాతమడుగుదుము. భూమి కొనునపుడు లింకు దస్తావేజులు చూతుము. బిడ్డ మనస్సు నొకరి కప్పగించునపుడు నాలుగు ప్రశ్నలడుగుటకు సిగ్గేల? ఏమి చదివితిరి? ఎచట నమోదైతిరి? ఇట్టి బాధ గలవారికి లోగడ చికిత్స చేసితిరా? ఆపద వేళ నేమి చేయుదురు? అనుభవజ్ఞుడీ ప్రశ్నలకు కోపింపడు. కోపించువానిని విడిచి మఱియొకని వెదకవచ్చును. కాని వెదకుట మానరాదు. పరువు కొఱకు మూసిన తలుపు వెనుక ప్రాణము పోయినచో, ఆ పరువెవరి కుపయోగము?