బోరు లోతు చెప్పకుండా మోటారా?

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ ఓ కవిత ఇచ్చి చేతులు దులుపుకుందామనుకున్నాను. కాని కాలిపోయిన మోటారొకటి నా గది కిటికీలో కూర్చుని రోజూ నావంక చూస్తూంటే కవిత్వం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని దాని సంగతే వ్రాస్తున్నాను. చివర ఒక కోరిక కూడా ఉంది. నచ్చకపోతే తిట్టండి గాని, చదవకుండా పేజీ తిప్పేయకండి.

2024 ఫిబ్రవరిలో మేము పద్నాలుగుమందిమి కలిసి రేడియోతో నడిచే ట్రక్కు ఒకటి తయారుచేయాలని పూనుకున్నాం. బొమ్మ ట్రక్కు కాదు. గేటు దగ్గర దింపిన 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను మోసుకుని, మెస్సు వెనకాల మట్టి దిబ్బ ఎక్కి, హాస్టలు వరండా దాకా రావాలి. వార్షికోత్సవం నాటికి అది అందరిముందూ నడవాలని మా పంతం. తలా 500 రూపాయలు వేసుకున్నాం. మొత్తం ఏడు వేలు. అందులో ఇద్దరు మెస్సు బిల్లు ఆపుకుని ఇచ్చారన్న సంగతి తర్వాత తెలిసింది.

పాత ఇనుప చట్రం దొరికింది. 20 సెంటీమీటర్ల చక్రాలు దొరికాయి. స్పీడు కంట్రోలరూ బ్యాటరీ సీనియర్లు వదిలివెళ్ళినవే ఉన్నాయి. ఇక మిగిలింది మోటారు. "బ్రష్‌లెస్ వేద్దాం" అన్నారందరూ. అందులో తప్పేమీ లేదు. పాతరకం మోటారులో కార్బను బ్రష్షులు కమ్యుటేటరు మీద రాసుకుని అరిగిపోతాయి, రవ్వలు రాలుస్తాయి. ఆ పనిని సెమీకండక్టర్లకు అప్పగించవచ్చునని విల్సన్, ట్రికీ అనే ఇద్దరు 1962లోనే ఒక పత్రంలో చూపించారు. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక పిడికెడు మోటారు కూడా గుర్రమంత పని చేయగలిగింది. కాబట్టి బ్రష్‌లెస్సా కాదా అన్నది కాదు సమస్య. ఏ బ్రష్‌లెస్ అన్నది సమస్య. ఆ ప్రశ్నే మేము వేసుకోలేదు.

మేము చేసిందల్లా పెట్టె మీద పెద్ద అంకె ఎక్కడుందా అని వెతకడం. ఒకదాని మీద 1000 కేవీ అని ఉంది. మాలో ఒకడు (పేరు చెప్పను, వాడికింకా పెళ్ళి కావాలి) కేవీ అంటే కిలోవోల్టు అనుకుని మురిసిపోయాడు. కేవీ అంటే, మీద బరువు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. మా బ్యాటరీ 22.2 వోల్టులు. అంటే నిమిషానికి 22,200 చుట్లు. మోటారు పది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేలా గేరు పెట్టాం. లెక్కప్రకారం మా బండి గంటకు 84 కిలోమీటర్లు పోవాలి! నీళ్ళ క్యానుకు అంత తొందరేమిటని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం బండిని దిబ్బ మొదట్లో పెట్టి స్టిక్కు నొక్కాం. ముందుకు పోవడానికి బదులు వణికింది. మళ్ళీ నొక్కాం. నాలుగడుగులు ఎక్కి ఆగింది. "ఇంకాస్త ఇవ్వరా" అన్నాడొకడు. ఇంకాస్త ఇచ్చాం. వార్నిషు కాలిన కమురు వాసన మెస్సులోకి పోయి, వంటవాళ్ళు పోపు మాడిందనుకుని పరుగెత్తుకొచ్చారు. మర్నాడు వార్షికోత్సవంలో మా బల్ల ఖాళీ.

మోటార్లు చుట్టే దుకాణానికి పట్టుకెళ్ళాం. అక్కడ ఉన్న పెద్దాయన్ని ఊళ్ళో అందరూ బాబాయ్ అంటారు. వ్యవసాయ మోటార్లు చుట్టి చుట్టి చేతులు కాయలుకాచిన మనిషి. మా మోటారును వాసన చూసి, "ఎంత బరువు లాగించారు బాబూ?" అని అడిగాడు.

మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"నా దగ్గరికి రైతు మోటారు కావాలని వస్తాడు. బోరెన్ని అడుగులు, నీళ్ళెంత లోతున ఉన్నాయి, ఎన్నెకరాలు తడవాలి, ఇవి అడక్కుండా నేను మోటారు మాటెత్తను. మీరు ఇంజనీరింగు చదువుతున్నోళ్ళు గదా! బోరు లోతు చెప్పకుండానే మోటారు కొనేశారా?"

నాలుగేళ్ళలో నేను విన్న పాఠాలన్నింటిలోకీ ఇదే గట్టిది. అధ్యాపకులు మన్నింతురు గాక.

తర్వాత మేము చేసిన పని చాలా చిన్నది. పాతపేపర్ల దుకాణంలో వేలాడే స్ప్రింగు త్రాసు ఒకటి అడిగి తెచ్చాం. గేర్లు విడదీసి, క్యాను పెట్టి, బండికి త్రాసు కట్టి దిబ్బ మీదికి మెల్లగా లాగాం. బండీ నీళ్ళూ కలిపి 40 కిలోలు. త్రాసు ముల్లు పదమూడున్నర దగ్గర నిలబడింది. అంటే 132 న్యూటన్లు. చక్రం సగం కొలత పదో వంతు మీటరు గనక, చక్రాల దగ్గర కావలసిన టార్కు 13.2 న్యూటన్-మీటర్లు. అదే మా బోరు లోతు. అంతకుముందు మాకెవ్వరికీ తెలియనిది అదొక్కటే.

ఇక మిగతాది కూడికలూ భాగహారాలూ. పది గేరులో ఇరవై శాతం నష్టం పోనిస్తే మోటారు ఇవ్వవలసింది 1.65 న్యూటన్-మీటర్లు. 9.55ను కేవీతో భాగిస్తే ఒక్కో ఆంపియరుకు ఎంత టార్కు వస్తుందో తెలుస్తుంది. ఆ లెక్కన మా మోటారు తాగవలసిన కరెంటు 173 ఆంపియర్లు. దాని పెట్టె మీద వ్రాసి ఉన్నది 60! పైగా అది డ్రోనుకు చేసిన మోటారు. గాలిలో దాని పంకాయే దానికి విసనకర్ర. మేము దాన్ని రేకుడబ్బాలో పెట్టి మూతవేశాం. కాలక ఏంచేస్తుంది పాపం?

ఇక్కడ మన కుర్రాళ్ళలో ఒక అపోహ ఉంది. "కేవీ తక్కువైతే బలం ఎక్కువ" అని. ఇది సగం నిజం. ఒకే సైజు మోటారును సన్నతీగతో ఎక్కువ చుట్లు చుడితే కేవీ తగ్గుతుంది, ఆంపియర్లూ తగ్గుతాయి, కాని తీగ నిరోధం పెరుగుతుంది. అదే టార్కుకు రాగిలో పుట్టే వేడి ఇంచుమించు అంతే. మోటారు ఎంత టార్కును వేడెక్కకుండా మోయగలదో తేల్చేది దాని ఒళ్ళు, అంటే అందులో పట్టే రాగీ ఇనుమూ అయస్కాంతమూ. కేవీని బ్యాటరీ వోల్టేజికీ కావలసిన వేగానికీ తగినట్టు ఎంచుకోవాలి. బరువు సంగతి గేరు చూసుకోవాలి. ఈ మూడింటినీ విడివిడిగా చూడనివాడు ఎన్ని మోటార్లయినా కాలుస్తాడు.

రెండోసారి వేగం ముందే నిర్ణయించుకున్నాం. మనిషి వడిగా నడిచినంత చాలునన్నాం. నలభైకి ఒకటి గేరు, 400 కేవీ మోటార్లు రెండు, ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి. నష్టాలు పోను దిబ్బ మీద ఒక్కో మోటారు తాగేది సుమారు 9 ఆంపియర్లు. 173 ఎక్కడ, 9 ఎక్కడ! ఈసారి హాల్ సెన్సర్లున్న మోటార్లు తీసుకున్నాం. సెన్సరు లేనిదానికి, తిరగడం మొదలెట్టి ఎదురు వోల్టేజి పుడితే గాని రోటరు ఎక్కడుందో కంట్రోలరుకు తెలియదు. మొదటిరోజు బండి వణికింది అందుకే. విమానానికైతే ఫరవాలేదు. ఎత్తుమీద బరువుతో నిలబడి బయల్దేరవలసిన బండికి అది చాలదు.

2025 జనవరిలో బండి దిబ్బ ఎక్కింది. పది ట్రిప్పుల తర్వాత మోటారు మీద చెయ్యి పెడితే పెట్టుకోగలిగాం. కాపలా తాత చూసి, "ఇంతకన్నా నేను తొందరగా తెస్తాను బాబూ" అన్నాడు. నిజమే. కాని తాతకు మోకాళ్ళ నొప్పులు, బండికి లేవు.

"తప్పులు చేసే గదా నేర్చుకుంటారు, లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటే బండి ఎప్పుడు కదులుతుంది?" అని నా మిత్రుడొకడి వాదన. వాడితో నాకు పేచీ లేదు. కాని తప్పు నుంచి నేర్చుకోవాలంటే ముందు ఏమనుకున్నామో కాగితం మీద ఉండాలి. ఏమీ అనుకోకుండా కాల్చినవాడికి మిగిలేది మసి ఒక్కటే. "పెద్ద మోటారు పడేస్తే సరి" అనేవాళ్ళూ ఉన్నారు. కొంత అదనపు బలం ఉండవలసిందే, మేమూ రెట్టింపు పెట్టుకున్నాం. అయితే దేనికి రెట్టింపు? అసలు అంకె తెలియందే రెట్టింపు ఎలా తెలుస్తుంది?

నా బాధ మోటారు గురించి మాత్రమే కాదు. ఫైనలియర్ ప్రాజెక్టులు రిపోర్టుతో సహా అట్టపెట్టెలో పెట్టి అమ్మే దుకాణాలున్నాయని మనందరికీ తెలుసు. ఆ బండ్లు నున్నగా నడుస్తాయి, మార్కులూ వస్తాయి. అందులో ఆ మోటారే ఎందుకుందని అడిగితే జవాబు రాదు. మనం అడగం గనక ఇబ్బందీ లేదు. నడిచిన బండికే మార్కులిచ్చినన్నాళ్ళూ ఆ దుకాణాలు మూతపడవు.

అందుకని నా కోరిక ఇది. ప్రాజెక్టుకు శాఖ గాని, మన సంఘం గాని డబ్బు ఇచ్చేముందు ఒకే ఒక కాగితం అడగాలి. చేత్తో వ్రాసింది. బరువెంత, ఎత్తెంత, చక్రమెంత, వేగమెంత, గేరెంత, ఆంపియర్లెన్ని. ఆ కాగితానికి విడిగా మార్కులుండాలి. సాయంత్రం నాలుగు దాటాక కూడా ఒక స్ప్రింగు త్రాసు, ఒక క్లాంపు మీటరు సంతకం పెట్టి తీసుకెళ్ళనివ్వాలి. కాలిపోయినవాటికి కూడా ప్రదర్శనలో ఒక బల్ల వెయ్యాలి, ఎందుకు కాలిందో చెప్పగలిగినవాడికి చోటివ్వాలి.

ఆ బల్ల వేసేరోజు వస్తే మొదటి వస్తువు నేనే తెస్తాను. కిటికీలో సిద్ధంగా ఉంది.